తలకు తీవ్రగాయమైన రోగి శ్వాసమార్గం: ఐసీయూలో నా అనుభవం

తలకు పెద్ద దెబ్బ తగిలి వచ్చిన రోగికి గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్‌కి కలిపేస్తే శ్వాస సంగతి తీరిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ఐసీయూలో ఈ రోగులను చూసుకుంటూ నాకు బలపడిన అభిప్రాయం వేరు. వీళ్ళ విషయంలో ట్యూబు మీద చేసే ప్రతి పనీ మెదడు మీద చేసే పనే. ట్యూబు వేయడం, బిగించడం, కఫం లాగడం, చివరికి తీయడం, వీటిలో ఏదీ ఊపిరితిత్తుల దగ్గర ఆగిపోదు. కొత్తగా ఐసీయూ డ్యూటీకి వచ్చే డాక్టర్లు, నర్సులు ఈ సంగతిని మొదటి రోజే పట్టుకుంటే చాలా నష్టం తప్పుతుంది. అందుకే మేం చేసే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

దెబ్బ తగిలిన క్షణంలో చచ్చిపోయిన కణాలను ఎవరూ బతికించలేరు. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో జరిగే రెండో నష్టం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. దానికి ప్రధాన కారణాలు మూడు: ఆక్సిజన్ తగ్గడం, బీపీ పడిపోవడం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ అదుపు తప్పడం. పై బీపీ ఒక్కసారి 90 కన్నా కిందికి పడినా మరణాలు దాదాపు రెట్టింపైనట్టు 1990ల నాటి పరిశీలనల్లోనే తేలింది. ఈ మూడు ప్రమాదాలూ ఒకే అయిదు నిమిషాల్లో ఎదురుపడే పని ఇంట్యుబేషన్, అంటే గొంతులోకి ట్యూబు వేయడం.

పుర్రె సాగదు. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే సీఎస్ఎఫ్ ద్రవం సర్దుకుని ఉంటాయి. వాపు వచ్చినా రక్తం గడ్డకట్టినా మొదట సీఎస్ఎఫ్, సిరల్లోని రక్తం బయటికి జరిగి చోటిస్తాయి. ఆ చోటు అయిపోయాక కొద్దిపాటి పెరుగుదలకే లోపలి ఒత్తిడి, అంటే ఐసీపీ, ఒక్కసారిగా ఎగబాకుతుంది. 22 మి.మీ. (పాదరసం) దాటి నిలబడితే వైద్యం మొదలుపెడతాం. సగటు బీపీలోంచి ఐసీపీని తీసేస్తే మిగిలేదే మెదడుకు రక్తాన్ని నెట్టే ఒత్తిడి. దాన్ని 60 నుంచి 70 మధ్య ఉంచాలి. కింద చెప్పే ప్రతి అంకె వెనకా ఈ లెక్కే ఉంది.

ఎప్పుడు ట్యూబు వేయాలి?

స్పృహను 3 నుంచి 15 దాకా కొలిచే గ్లాస్గో స్కోరు 8 లేదా అంతకన్నా తక్కువుంటే వేయాలన్నది అందరికీ తెలిసిందే. స్కోరు ఎంత అన్నదానితో పాటు అది ఎటు పోతోంది అన్నది కూడా నేను చూస్తాను. 12తో వచ్చి గంటలో 10కి దిగిన రోగి, మొదటి నుంచీ 9 దగ్గరే ఉన్న రోగి కన్నా నన్ను ఎక్కువ కంగారు పెడతాడు. ఆగని ఫిట్స్, నోట్లో రక్తం, వరసగా వాంతులు, సీటీ తీయనీయనంత గింజులాట, దూరం తరలించాల్సి రావడం, ఇవన్నీ స్కోరు 8 కన్నా పైనున్నా ట్యూబు వైపే మొగ్గే కారణాలు. గొంతులో పుల్ల పెట్టి వాంతి రిఫ్లెక్స్ ఉందో లేదో చూడటం మాత్రం వద్దు. ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి అది ఉండదు. పైగా ఆ పుల్లే వాంతి చేయించి, ఐసీపీ పెంచి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పంపగలదు.

మత్తు, కండరాలను సడలించే మందు ఇచ్చే ముందు ఒక్క నిమిషం నాడీ పరీక్షకు కేటాయించాలి. ఎంత తొందరలో ఉన్నా మేం దీన్ని వదలం. కళ్ళు, మాట, కదలిక స్కోర్లు మూడూ విడివిడిగా, కంటిపాపల సైజు మి.మీ.లలో, వెలుగుకి స్పందన, రెండు కాళ్ళు, రెండు చేతుల కదలిక. చూసింది చూసినట్టు కేసు షీటులో రాయాలి, టైమ్‌తో సహా. మందు ఎక్కాక న్యూరోసర్జన్‌కి మిగిలే ఆధారం ఆ నాలుగు లైన్లే. మూడింటిలోనూ కదలిక స్కోరు విలువైనది. మొత్తం 7 అని రాసి వదిలేస్తే అందులో కదలిక ఎంతో తెలియదు, ఆపరేషన్ నిర్ణయానికి అదే కావాలి.

మందుకు ముందు

ఇంట్యుబేషన్ బాగా జరిగిందా లేదా అన్నది లారింగోస్కోప్ (గొంతు లోపల చూపే పరికరం) నోట్లోకి వెళ్ళక ముందే తేలిపోతుంది. మంచం దగ్గర అయిదుగురు ఉండాలి. ట్యూబు వేసేవారు, మెడను పట్టుకునేవారు, బూజీ (ట్యూబుకి దారి చూపే సన్నటి కడ్డీ), ట్యూబు అందించేవారు, మందులు ఇచ్చేవారు, మానిటర్‌ని మాత్రమే చూస్తూ అంకెలు పైకి చదివేవారు. అయిదో మనిషి ఎందుకని కొందరు అడుగుతారు. ట్యూబు వేసేవారి దృష్టి స్వరతంత్రుల మీద ఉన్నప్పుడు కాలం తెలియదు. 'శాచురేషన్ 94, బీపీ 98' అని ఒక గొంతు చెప్తూ ఉంటేనే ఆపాల్సిన చోట ఆపగలరు.

మెడ ఎముక విరగలేదని తేలేదాకా విరిగినట్టే లెక్క. మెడ పట్టీ (కాలర్) ముందు భాగం విప్పేసి, ఒకరు రెండు చేతులతో తలను, మెడను కదలకుండా నిలిపి ఉంచాలి. నిలిపి ఉంచాలి అంతే, లాగకూడదు. కాలర్ బిగించే ఉంచి ట్యూబు వేయబోతే నోరు సరిగా తెరుచుకోదు. మెడను నిలిపి ఉంచడం వల్ల స్వరతంత్రులు పూర్తిగా కనిపించడం తగ్గుతుంది. అందుకే మొదటి ప్రయత్నంలోనే వీడియో లారింగోస్కోప్, పక్కన బూజీ ఉంచుకుంటాం. వెనక అంచు కొద్దిగా కనిపించినా బూజీ దూర్చేయొచ్చు. ఇంకా బాగా కనిపించాలని బ్లేడుని గట్టిగా ఎత్తడం వల్ల మెడ కదులుతుంది, బీపీ, ఐసీపీ ఎగురుతాయి, దక్కే లాభం లేదు.

వెన్నెముక మీద అనుమానం ఉంటుంది కాబట్టి నడుము దగ్గర వంచి తల ఎత్తకూడదు. మంచం మొత్తాన్ని ఏటవాలుగా, తలవైపు 20 నుంచి 30 డిగ్రీలు పైకి ఉండేలా వాల్చాలి. దీనివల్ల ఊపిరితిత్తులు బాగా తెరుచుకుంటాయి, మెదడు సిరలు ఖాళీ అవుతాయి. మాస్కు ముఖానికి బిగుతుగా అమర్చి 3 నుంచి 5 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. గింజుకునే రోగి మాస్కు పెట్టనివ్వడు. అలాంటప్పుడు కొద్ది మోతాదు కెటమిన్ మత్తు ఇచ్చి, శాంతించాక ఆక్సిజన్ నింపి, ఆ తర్వాతే కండరాల మందు ఇస్తాం.

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కండరాల మందు ఇచ్చాక రోగి ఊపిరి ఆగుతుంది. ముందే ఆక్సిజన్ నింపి ఉంటే శాచురేషన్ 100 దగ్గరే కూర్చుంటుంది, అందరూ నిబ్బరంగా ఉంటారు. కానీ కార్బన్ డయాక్సైడ్ మొదటి నిమిషంలో 6 నుంచి 12 మి.మీ. దాకా, ఆ తర్వాత నిమిషానికి మరో 3, 4 పెరుగుతూ పోతుంది. అది పెరిగితే మెదడు రక్తనాళాలు విచ్చుకుంటాయి. చోటు అయిపోయిన పుర్రెలో ఆ అదనపు రక్తమే హెర్నియేషన్ వైపు, అంటే మెదడు తన చోటు నుంచి జారిపోయే స్థితి వైపు, నెట్టొచ్చు. అందుకని మందు పట్టే ఆ నిమిషం ఊరికే చూస్తూ కూర్చోను. మాస్కుతో మెల్లగా, తక్కువ ఒత్తిడితో, నిమిషానికి 10, 12 శ్వాసలు ఇస్తూ ఉంటాను. కడుపులోది పైకి వస్తుందన్న భయంతో పాత పద్ధతిలో దీన్ని నిషేధించారు. 2019లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో ఇలా శ్వాసలు ఇవ్వడం వల్ల ఆక్సిజన్ తీవ్రంగా పడిపోవడం తగ్గింది, ఊపిరితిత్తుల్లోకి వాంతి పోవడం పెరగలేదు. నోటి నిండా వాంతి, రక్తం ఉన్నవాళ్ళకు మాత్రం వాటిని లాగేసే సక్షన్ ముందు, శ్వాస తర్వాత.

మందులు, బీపీ

మోతాదులు త్వరగా చెప్పేస్తాను. బీపీ బాగుంటే నొప్పి మందు ఫెంటానిల్ కిలోకి 1 నుంచి 2 మైక్రోగ్రాములు, మూడు నిమిషాల ముందు, మెల్లగా. మత్తుకి కెటమిన్ కిలోకి 1 నుంచి 2 మి.గ్రా., లేదా ఎటోమిడేట్ 0.3 మి.గ్రా. బీపీ బాగా నిలకడగా ఉంటేనే ప్రొపోఫాల్. షాక్‌లో ఉంటే మత్తు మందు సగానికి తగ్గించి, కండరాల మందు మాత్రం పూర్తి మోతాదు. అది రోక్యూరోనియం అయితే కిలోకి 1.2 మి.గ్రా., సక్సినైల్‌కోలిన్ అయితే 1 నుంచి 1.5 మి.గ్రా. కెటమిన్ ఐసీపీ పెంచుతుందన్న పాత భయం వెంటిలేటర్ మీద, మత్తులో ఉన్న రోగుల్లో నిజమని తేలలేదు. బీపీ కాపాడుతుంది కాబట్టి నేను దాన్నే ఎక్కువగా వాడతాను. సక్సినైల్‌కోలిన్ మొదటి రోజు పర్వాలేదు. కదలకుండా రోజుల తరబడి పడుకుని ఉన్నవాళ్ళకు, వెన్నుపాము దెబ్బతిని రెండు మూడు రోజులు దాటినవాళ్ళకు పొటాషియం ప్రమాదకరంగా పెంచి గుండె ఆపేయగలదు. వారం తర్వాత ట్యూబు మళ్ళీ వేయాల్సి వస్తే చేతికి రోక్యూరోనియమే రావాలి.

బీపీ విషయంలో తొందరపడకూడదు. పై బీపీ 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకు, 70 దాటిన వాళ్ళకు కనీసం 110, 50 నుంచి 69 ఏళ్ళ వాళ్ళకు కనీసం 100 ఉండాలన్నది 2016 నాటి మార్గదర్శకం. మత్తు ఇచ్చాక పడిపోయిందని చూసి మందు కలపడం మొదలుపెడితే ఆలస్యమే. నార్‌ఎడ్రినలిన్ (బీపీ పెంచే మందు) పంపులో ఎక్కించి, లైనుకి కలిపి, నడపడానికి సిద్ధంగా ఉంచి అప్పుడు మత్తు ఇవ్వాలి. ఫినైల్‌ఎఫ్రిన్ 100 మైక్రోగ్రాముల సిరంజి కూడా పక్కనే ఉంటే మంచిది.

ఇంకో ఉచ్చు ఉంది. నాడి 50, బీపీ 190 ఉన్న రోగిని చూసి 'బీపీ బాగానే ఉంది, ప్రొపోఫాల్ ఇవ్వొచ్చు' అనుకోవడం సహజం. అది మెదడు తనకు రక్తం అందడం లేదని పెట్టే చివరి పెనుగులాట. ఆ బీపీని మందులతో దించకూడదు. మత్తు ఎక్కగానే ఆ పెనుగులాట ఆగిపోయి 190 కాస్తా 80 అవుతుంది. అలాంటి రోగికే నార్‌ఎడ్రినలిన్ అన్నిటికన్నా ముందు సిద్ధం చేయాలి.

ఒక ప్రయత్నానికి అరనిమిషం. శాచురేషన్ 93కి దిగితే అప్పుడే ఆపి మాస్కుతో శ్వాసలు. ఒకే పద్ధతిని రెండోసారి అలాగే చేయడంలో అర్థం లేదు, బ్లేడో మనిషో ఏదో ఒకటి మారాలి. అదీ కుదరకపోతే గొంతు పైభాగంలో కూర్చునే లారింజియల్ మాస్కు. దానితోనూ ఆక్సిజన్ అందకపోతే మెడ ముందు నుంచి దారి చేయాలి: 10వ నంబరు స్కాల్పెల్ బ్లేడు, బూజీ, 6 సైజు కఫ్ (గాలితో ఉబ్బే బుడగ) ఉన్న ట్యూబు. కోత పెట్టాల్సిన పొర (గొంతు ముందున్న క్రికోథైరాయిడ్ పొర) ఎక్కడుందో మందు ఇవ్వకముందే వేలితో వెతికి పెన్నుతో గుర్తు పెట్టుకుంటాం. శాచురేషన్ 60లో ఉన్నప్పుడు వెతకడం మొదలుపెడితే దొరకదు.

ముక్కు దారి గురించి ఒక్క మాట. కళ్ళ చుట్టూ నల్లగా కమిలినా, చెవి వెనక కమిలినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారుతున్నా పుర్రె అడుగుభాగం విరిగిందని అనుమానించాలి. వాళ్ళకు ముక్కులోంచి ఏ ట్యూబూ వద్దు. కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు కూడా నోట్లోంచే వేయాలి.

ట్యూబు వేశాక

ట్యూబు సరైన చోట ఉందని నమ్మడానికి ఒక్కటే సాక్ష్యం, బయటికి వదిలే కార్బన్ డయాక్సైడ్ని కొలిచే కాప్నోగ్రఫీలో వరసగా వచ్చే తరంగాలు. ఛాతీ లేవడం, ట్యూబులో ఆవిరి కనిపించడం రెండూ మోసం చేయగలవు. లోతు ఆడవాళ్ళకు పళ్ళ దగ్గర సుమారు 21 సెం.మీ., మగవాళ్ళకు 23. ఎక్స్‌రేలో చివర కరైనాకి (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) 3 నుంచి 5 సెం.మీ. పైన ఉండాలి. గడ్డం ఛాతీ వైపు వంగితే ట్యూబు కిందికి, మెడ వెనక్కి వాలితే పైకి జరుగుతుందని గుర్తుంచుకుంటే, పొజిషన్ మార్చాక అకస్మాత్తుగా శాచురేషన్ ఎందుకు పడిందో తెలుస్తుంది. కఫ్ ఒత్తిడి 20 నుంచి 30 సెం.మీ. నీరు, మీటరుతో, ప్రతి షిఫ్టులో. వేళ్ళతో నొక్కి అంచనా వేయడం పనికిరాదు.

ట్యూబుని మెడ చుట్టూ గుడ్డ టేపుతో గట్టిగా కట్టడం చాలాచోట్ల అలవాటు. మెదడు నుంచి రక్తం దిగివచ్చే జుగులర్ సిరలు మెడలో రెండు పక్కలా ఉంటాయి. వాటిని నొక్కితే ఐసీపీ పెరుగుతుంది. బుగ్గలకు అంటించే టేపు వాడాలి, కట్టక తప్పకపోతే కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. కాలరు సంగతీ అంతే. సీటీలో మెడ బాగుందని తేలిన వెంటనే దాన్ని తీయించడానికి పట్టుబట్టాలి. తల ఒక పక్కకి తిరిగి ఉన్నా ఇదే నష్టం. ఐసీపీ హఠాత్తుగా 28కి వెళ్ళిందని ఫోను వస్తే నేను మొదట అడిగేది తల నిటారుగా ఉందా, టేపు బిగుసుకుందా అనే. మెదడు వాపు తగ్గించే మానిటాల్ తర్వాత.

రోక్యూరోనియం గంట పైనే పనిచేస్తుంది. ఎటోమిడేట్ మత్తు పది నిమిషాలు కూడా ఉండదు. మధ్యలో ఉన్న ఆ కాలమంతా రోగికి మెలకువ ఉండొచ్చు, నొప్పి తెలియొచ్చు, కదలలేడు. ట్యూబు వేసిన వెంటనే ప్రొపోఫాల్, ఫెంటానిల్ పంపులు మొదలవ్వాలి. ప్రొపోఫాల్ గంటకు కిలోకి 4 మి.గ్రా. దాటనివ్వకూడదు. కండరాల మందు పనిచేస్తున్నంతసేపు ఫిట్స్ వచ్చినా బయటికి కనిపించవు. కారణం లేకుండా నాడి, బీపీ పెరిగి, కంటిపాపలు పెద్దవైతే ఆ అనుమానం రావాలి, మెదడు తరంగాలు చూసే ఈఈజీ అడగాలి.

కార్బన్ డయాక్సైడ్

నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టే అంకె ఇదే. ధమని రక్తంలో 35 నుంచి 40 మధ్య. ఒక్కో మి.మీ. తేడాకు మెదడు రక్తప్రవాహం దాదాపు 3 శాతం మారుతుంది. 40 నుంచి 30కి దించితే ప్రవాహం మూడో వంతు దాకా తగ్గిపోతుంది. ఐసీపీ తగ్గినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే లోపలికి వచ్చే రక్తమే తగ్గింది. గాయం తర్వాత మొదటి 24 గంటల్లో మెదడుకి రక్తం అసలే తక్కువగా ఉంటుంది. అప్పుడు ఇది గాయపడ్డ మెదడుని మనమే ఎండబెట్టడం. 1991 నాటి ట్రయల్‌లో అయిదు రోజులు 25 దగ్గర ఉంచిన రోగుల కోలుకోవడం వెనకబడింది. పైగా దాని ప్రభావం నిలవదు. గంటలు గడిచేకొద్దీ సీఎస్ఎఫ్‌లో బైకార్బనేట్ సర్దుకుని రక్తనాళాలు మళ్ళీ విచ్చుకుంటాయి. ఆ తర్వాత హఠాత్తుగా మామూలు స్థాయికి తెస్తే ఐసీపీ ఎదురుదెబ్బ కొడుతుంది.

కంటిపాప ఒకటి హఠాత్తుగా పెద్దదైతే, కదలిక స్కోరు రెండు పడిపోతే, అప్పుడు మాత్రం కొద్దిసేపు 30 నుంచి 35కి దించుతాం. అదీ 3 శాతం సెలైన్ 250 మి.లీ. గానీ మానిటాల్ గానీ ఎక్కి, సీటీకో థియేటర్‌కో తీసుకెళ్ళేదాకానే.

ఈ అంకె ఎక్కువగా తప్పేది తరలింపులో. సీటీకి వెళ్తూ చేత్తో బ్యాగు నొక్కేవారు కంగారులో నిమిషానికి 25, 30 సార్లు నొక్కేస్తారు. కాప్నోమీటర్ లేకుండా ఈ రోగిని గదిలోంచి కదల్చకూడదన్నది నా నియమం. వీలైతే ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్. కాప్నోమీటర్ చూపేది రక్తంలో ఉన్నదాని కన్నా సాధారణంగా 3 నుంచి 5 తక్కువ. షాక్‌లోనో ఛాతీ దెబ్బలోనో ఆ తేడా 10, 15 కూడా కావొచ్చు. ట్యూబు వేసిన 15, 20 నిమిషాలకు ఏబీజీ (ధమని రక్త పరీక్ష) తీసి తేడా ఎంతో చార్టు పైన రాసిపెడితే, ఆ తర్వాత నర్సు మానిటర్ చూసే అసలు అంకె చెప్పగలదు. బీపీ పడినప్పుడు, ఊపిరితిత్తి పరిస్థితి మారినప్పుడు ఆ తేడాని మళ్ళీ కొలవాలి.

వెంటిలేటర్‌లో శ్వాసకు కిలోకి 6 నుంచి 8 మి.లీ. పెడతాం. కిలోలంటే మంచం మీద తూచిన బరువు కాదు, ఎత్తుని బట్టి లెక్కించేది. మగవాళ్ళకు సెం.మీ.లలో ఎత్తులోంచి 152.4 తీసేసి, 0.91తో గుణించి, 50 కలపాలి. ఆడవాళ్ళకు 45.5 కలపాలి. పొట్టి మనిషికి 320 మి.లీ. పెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ దిగకపోతే రేటు పెంచే ముందు ట్యూబుకీ సర్క్యూట్‌కీ మధ్య ఏముందో చూడండి. హెచ్‌ఎంఈ ఫిల్టరు (గాలిలో తేమ నిలిపేది), మడత గొట్టం, సర్క్యూట్ విప్పకుండా కఫం లాగే క్లోజ్డ్ సక్షన్ కలిసి ఒక్కో శ్వాసలో చెప్పుకోదగ్గ భాగాన్ని మింగేస్తాయి. ఫిల్టరు తీసి వేడినీటి హ్యుమిడిఫయర్‌కి మారిస్తే అంకె దానంతటదే దిగుతుంది. పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిల్చే ఒత్తిడి) అంటే ఉన్న భయం అవసరానికి మించినది. 5తో మొదలుపెట్టి, ఆక్సిజన్ కోసం కావాలంటే రెండేసి పెంచుతూ, ప్రతి మెట్టులో బీపీ, ఐసీపీ చూసుకుంటే 10 దాకా సాధారణంగా ఇబ్బంది రాదు. ఆక్సిజన్ తక్కువగా వదిలేయడమే పెద్ద హాని.

కఫం లాగడం

ఐసీపీ చార్టు చూస్తే రోజంతటిలో పెద్ద ముళ్ళు సక్షన్ వేళల్లో కనిపిస్తాయి. రెండు గంటలకోసారి అని గడియారం చూసి చేయకూడదు. కఫం శబ్దం, వెంటిలేటర్ తరంగంలో రంపపు పళ్ళలాంటి ఆకారం, ఒత్తిడి పెరగడం, శాచురేషన్ తగ్గడం ఉంటేనే చేయాలి. కఫం ఉందని తెలిసీ ఐసీపీ భయంతో మానేయడం కూడా అంతే తప్పు. ట్యూబు పూడుకుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి అదే ఐసీపీని ఇంకా పెంచుతుంది.

కాథెటర్ మందం ట్యూబు లోపలి వ్యాసంలో సగానికి మించకూడదు. ట్యూబు సైజుని 3తో గుణించి 2తో భాగిస్తే కాథెటర్ నంబరు వస్తుంది. 8 ట్యూబుకి 12. రెండు మూడు నిమిషాల ముందు ఫెంటానిల్ 25 నుంచి 50 మైక్రోగ్రాములు గానీ ప్రొపోఫాల్ 10 నుంచి 20 మి.గ్రా. గానీ ఇవ్వాలి, బీపీ చూసి. అర నిమిషం నుంచి నిమిషం దాకా నూరు శాతం ఆక్సిజన్. సక్షన్ ఒత్తిడి 80 నుంచి 120 మి.మీ. లోపలికి పోతున్నప్పుడు లాగకుండా, బయటికి తీస్తున్నప్పుడే లాగుతూ, మొత్తం 15 సెకన్లలోపు. రెండుసార్లకు మించి వద్దు, మధ్యలో ఐసీపీ మొదటి అంకెకి దిగేదాకా ఆగాలి. సెలైన్ పోసి లాగడం అలవాటుగా చేయకూడదు, అది దగ్గు తెప్పిస్తుంది. సర్క్యూట్ విప్పితే పీప్ పోతుంది, కాబట్టి క్లోజ్డ్ సక్షన్ మేలు. ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పడం, సక్షన్ మూడూ ఒకేసారి చేసేస్తే పని అయిపోతుందని నర్సులు అనుకోవడం సహజమే. ఐసీపీ ఎక్కువున్న రోగికి వాటి మధ్య కనీసం పావుగంట విరామం ఇవ్వండి.

వెంటిలేటర్ న్యుమోనియా ఈ రోగుల్లో ఎక్కువ, దెబ్బ తగిలినప్పుడే చాలామందికి వాంతి లోపలికి పోయి ఉంటుంది. తల 30 డిగ్రీలు పైకి, బ్రష్‌తో పళ్ళు తోమడం, కఫ్ పైన చేరే లాలాజలాన్ని లాగే ట్యూబు, ఇవి మామూలే. ట్యూబు వేసిన 12 గంటల్లోపు సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు ఒక్క డోసు ఇస్తే తొలి రోజుల న్యుమోనియా తగ్గిందని 2024లో ప్రచురితమైన ఫ్రాన్స్ ట్రయల్ చెప్పింది. నాకు ఆ ఒక్క డోసు సబబుగానే అనిపిస్తుంది, అయిదు రోజుల కోర్సుగా సాగదీయనంత వరకు.

ట్యూబు తీయాలా, ట్రకియాస్టమీ చేయాలా?

కష్టమైన నిర్ణయం ఇది. ట్రకియాస్టమీ అంటే మెడ ముందు రంధ్రం చేసి ట్యూబు పెట్టడం. మిగతా రోగుల్లో మాట వింటున్నాడా అని చూసి తీసేస్తాం. వీళ్ళలో చాలామంది వారాల తరబడి మాట వినరు. స్కోరు 8 దాటలేదన్న ఒక్క కారణంతో ట్యూబు ఉంచేసిన రోగుల్లో న్యుమోనియా, ఐసీయూలో ఉండాల్సిన రోజులు పెరిగాయని 2000లో వచ్చిన అధ్యయనం చూపింది. స్పృహ కన్నా నేను దగ్గుని, మింగడాన్ని నమ్ముతాను. ట్యూబు చివరకు 1, 2 సెం.మీ. దూరంలో తెల్ల కార్డు పట్టి దగ్గించినప్పుడు కార్డు తడిస్తే దగ్గు ఉన్నట్టే. కఫం గంటకోసారి లాగాల్సి వస్తుంటే ఇంకా ఆగాలి. వయసు 40 లోపు, కళ్ళతో మనిషిని అనుసరించడం, మింగే ప్రయత్నం, స్కోరు 10 దాటడం, ఈ నాలుగింటిలో మూడు ఉంటే పదింట తొమ్మిదిమందికి ట్యూబు తీయడం సఫలమైందని 2017 నాటి పరిశీలన. చేతిలో ఇంకేమీ లేనప్పుడు నేను వాడేది ఇదే. తీసే పని పగలే చేయాలి, మళ్ళీ వేయగలవాళ్ళు పక్కనే ఉండగా. పుర్రె అడుగు విరిగినవాళ్ళకు ట్యూబు తీశాక మాస్కు వెంటిలేషన్ పెట్టకూడదు, గాలి పుర్రెలోకి దూరే ప్రమాదం ఉంది.

దగ్గు లేకపోయినా, కదలిక స్కోరు 4 దగ్గరే ఆగిపోయినా, వారం పది రోజుల మధ్య ట్రకియాస్టమీ గురించి ఇంటివాళ్ళతో మాట్లాడతాం. త్వరగా చేస్తే వెంటిలేటర్ రోజులు తగ్గొచ్చు, ప్రాణాలు ఎక్కువ దక్కుతాయనడానికి ఆధారం లేదు. ఈ మాట వాళ్ళకు దాచకుండా చెప్పాలి. ఐసీపీ ఒక రోజంతా నిలకడగా 20 లోపు ఉన్నాకే చేయాలి. మంచం పక్కన సూదితో చేసే పద్ధతిలో బ్రాంకోస్కోప్ (శ్వాసనాళం లోపల చూసే కెమెరా గొట్టం) ట్యూబులో ఉన్నంతసేపూ శ్వాస సరిగా పోక కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అందుకే స్కోప్ అవసరమైన క్షణాల్లోనే లోపల ఉండాలి, కాప్నోమీటర్ కళ్ళెదుట ఉండాలి. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వాల్చడం మెడ ఎముక బాగుందని తేలినవాళ్ళకే.

మొదటి వారంలో ఆ ట్యూబు ఊడివస్తే రంధ్రంలోకి గుడ్డిగా తోయొద్దు. దారి ఇంకా గట్టిపడలేదు, ట్యూబు ఛాతీ కణజాలంలోకి పోతుంది. రంధ్రాన్ని చేత్తో మూసి, మాస్కుతో శ్వాస ఇచ్చి, నోటి నుంచి ట్యూబు వేయాలి. రోజుల తర్వాత ట్రకియాస్టమీ చుట్టూ ఎర్రటి తాజా రక్తం కొద్దిగా కనిపించి ఆగిపోయినా వదిలేయకూడదు. పెద్ద ధమని కోసుకుపోతోందని చెప్పే మొదటి గుర్తు అదే కావొచ్చు. సర్జన్‌ని ఆ గంటలోనే పిలవాలి.

కోలుకునే దశలో మాట్లాడే వాల్వు పెట్టే ముందు కఫ్‌లో గాలి పూర్తిగా తీసేయాలి. గాలి ఉంచి వాల్వు పెడితే రోగి లోపలికి పీల్చగలడు, బయటికి వదలలేడు, నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆ మాట మంచం తలవైపు పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తాం. ట్యూబు పూర్తిగా తీశాక రంధ్రం మీద పల్చటి డ్రెస్సింగ్ గుడ్డ కట్టి, దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు వేలితో నొక్కిపట్టమని నేర్పాలి. చాలామందికి రెండు వారాల్లోపు పూడుకుంటుంది. డిశ్చార్జి కాగితంలో ఇంకో వాక్యం తప్పకుండా ఉండాలి: కొన్ని వారాల తర్వాత నడిచినప్పుడు ఆయాసం, శ్వాస పీల్చినప్పుడు కూత వినిపిస్తే అది ఆస్తమా అని ఇన్‌హేలర్లతో కాలయాపన చేయకుండా శ్వాసనాళం సన్నబడిందేమో స్కోప్‌తో చూపించుకోవాలి.